పూర్వికుల పిలుపుపేర్లు: వంశచరిత్ర పరిశోధనలో వాటి ఆధారవిలువ

వ్యాససంగ్రహం

తెలుగు కుటుంబాల వంశచరిత్రను అనుసంధానించేటప్పుడు పరిశోధకులకు తరచుగా ఎదురయ్యే చిక్కు పిలుపుపేరు. కుటుంబం గుర్తుపెట్టుకున్న పేరు పత్రంలో కనిపించదు. పత్రంలో ఉన్న పేరును కుటుంబం గుర్తించదు. ఇటువంటి సందర్భాల్లో పిలుపుపేరును అపభ్రంశంగానో, హాస్యంగానో భావించి పక్కన పెట్టడం పరిపాటి. పిలుపుపేరు వ్యక్తిని మాత్రమే కాక పిలిచినవారికీ పిలిపించుకున్నవారికీ మధ్య ఉన్న సంబంధాన్ని నమోదు చేస్తుందనీ, కాబట్టి ‘దీని అర్థం ఏమిటి’ అన్న ప్రశ్నకంటే ముందు ‘ఎవరు, ఎవరిని, ఎందుకు ఇలా పిలిచారు’ అన్న ప్రశ్న వేయాలనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. శాసనాలు, ఇంటి ఆచారాలు, భూమి పత్రాలు, వలస కూలీల ఓడ జాబితాలు ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: పిలుపుపేరు, ఇంటిపేరు, వంశచరిత్ర, నామనిషేధం, దిష్టిపేర్లు, ఇనాం రిజిస్టర్లు, ప్రవాసాంధ్రులు.

1. ఉపోద్ఘాతం

తెలుగు సమాజంలో ఒక మనిషికి సాధారణంగా మూడు పేర్లు ఉంటాయి. వంశాన్ని తెలిపేది ఇంటిపేరు. నామకరణం నాడు ఉంచేది పెట్టిన పేరు. ఇంట్లో, వాడలో, ఊరిలో నోటి మీద నిలిచేది పిలుపుపేరు. మొదటి రెండింటిపైన తెలుగులో గణనీయమైన పరిశోధన జరిగింది. తేళ్ళ సత్యవతి ఇంటిపేర్లపై, యార్లగడ్డ బాలగంగాధరరావు గ్రామనామాలపై చేసిన కృషి నామవిజ్ఞానానికి బలమైన పునాది వేసింది. మూడవదైన పిలుపుపేరు మాత్రం ప్రధానంగా ముద్దుమాటగా, వెక్కిరింతగా, కాలక్షేప విషయంగా మిగిలిపోయింది.

అయితే పూర్వికులను వెదికేవారికి మొదట దొరికేది పిలుపుపేరే. ‘బుల్లి తాత’, ‘రంగం తాత’, ‘బందరు అత్తయ్య’, ‘పెంటయ్య’, ‘నడిపాయన’ అంటూ పెద్దవాళ్ళు చెబుతారు. రిజిస్ట్రేషన్ కార్యాలయంలోని దస్తావేజులో వేరే పేరు ఉంటుంది. ఈ రెండింటినీ కలపడంలో జరిగే పొరపాటు ఒక వ్యక్తిని ఇద్దరుగానో, ఇద్దరిని ఒకరుగానో మార్చివేస్తుంది. అక్కడి నుంచి వంశవృక్షం మొత్తం దారి తప్పుతుంది.

ఇంటిపేరుకూ పిలుపుపేరుకూ మధ్య గీత అన్నిసార్లూ స్పష్టంగా ఉండదన్నది మరో చిక్కు. పొట్టి శ్రీరాములు (1901-1952) పేరులోని ‘పొట్టి’ ఇంటిపేరు. ఆయన ఎత్తును తెలిపే మాట కాదు. కుబ్జ విష్ణువర్ధనుడి పేరులోని ‘కుబ్జ’ ఇంటిపేరు కాదు. రూపాన్ని సూచించే విశేషణం. సాహిత్యచరిత్రలో ప్రసిద్ధమైన ఉదాహరణ పారిజాతాపహరణ కర్త తిమ్మన. ‘నంది’ ఆయన ఇంటిపేరు, ‘ముక్కు’ పిలుపుపేరు. ముక్కుపై చెప్పిన ఒక పద్యం వల్ల ఆ పేరు వచ్చిందని ఐతిహ్యం. ఆ పద్యం వసుచరిత్రలో కనిపించడంతో దానిని తిమ్మన అమ్ముకున్నాడన్న మరో కథ పుట్టింది. పేరును వివరించడానికి ఒక కథ, ఆ కథను నిలబెట్టడానికి ఇంకొక కథ అల్లుకోవడం పిలుపుపేర్ల విషయంలో సర్వసాధారణం. కుటుంబాల్లో వినిపించే వివరణలనూ ఈ దృష్టితోనే పరిశీలించాలి.

2. శాసనాలలో పిలుపుపేర్ల ప్రయోజనం

పిలుపుపేరు చరిత్రకు పనికివస్తుందా అన్న సందేహానికి శాసనాలే సమాధానం చెబుతాయి. వేంగీ చాళుక్య వంశంలో విష్ణువర్ధన, విజయాదిత్య అన్న పేర్లు తరం తరవాత తరంలో తిరిగి వచ్చాయి. పేరు ఒక్కటే ఆధారమైతే ఏ విజయాదిత్యుడు ఎవరో తెలుసుకోవడం దుస్సాధ్యం. ఈ వంశపు తామ్రశాసనాలు ప్రతి రాజు పాలనాకాలాన్ని వరుసగా చెబుతూ, సమాననాములను వేరు చేయడానికి దేశి పేర్లను ఉపయోగించాయి. వంశ మూలపురుషుడు కుబ్జ విష్ణువర్ధనుడు 18 సంవత్సరాలు పాలించాడని తరవాతి శాసనాలు పేర్కొంటాయి. ఆ తరవాత మంగి యువరాజు, కొక్కిలి, గుణగ విజయాదిత్యుడు, ఆరు నెలలు పాలించిన కొల్లభిగండ విజయాదిత్యుడు, పదిహేను రోజులు మాత్రమే రాజ్యం చేసిన బేత విజయాదిత్యుడు కనిపిస్తారు. ఈ మాటలు లేకపోతే వేంగీ చాళుక్యుల వంశక్రమం నేటి రూపంలో నిలిచేది కాదు.

ఇక్కడ బిరుదుకూ పిలుపుపేరుకూ ఉన్న తేడాను గమనించాలి. ‘విషమసిద్ధి’ అన్నది రాజు తన గురించి చాటుకున్న మాట. నాణేలపైకి ఎక్కిన మాట. ‘కుబ్జ’ అన్నది ఇతరులు ఆయనను గుర్తుపట్టిన మాట. బిరుదు ఒక వ్యక్తి తనను ఎలా చూడమంటున్నాడో చెబుతుంది. పిలుపుపేరు ఇతరులు అతన్ని ఎలా చూశారో చెబుతుంది.

కాకతీయుల పూర్వికుల విషయంలో ఈ సమస్య మరింత స్పష్టం. గణపతిదేవుడి సోదరి మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనం ఆ వంశంలోని తొలితరాల వారిని పేర్కొంది. అందులో వరుసగా ముగ్గురు గుండరాజులు వస్తారు. ఆ ముగ్గురినీ శాసనకవి ముగ్గురు రాములతో పోల్చాడు. తరవాత మళ్ళీ ఒక గుండడు వచ్చినప్పుడు పోలిక చాలలేదు. ‘పిండిగుండ’ అని ప్రత్యేకించవలసి వచ్చింది. 956వ సంవత్సరం నాటి దానార్ణవుడి మాంగల్లు శాసనంలో ‘కాకర్త్య గుండ్యన’ కనిపిస్తాడు. ఈ ఇద్దరూ ఒకరేనని చరిత్రకారులు నిర్ణయించిన తీరు గమనింపదగ్గది. పేర్ల పోలిక ఒక్కటే వారికి ఆధారం కాలేదు. కాలం, ప్రాంతం, రాజకీయ సంబంధం, తరాల లెక్క కుదిరాకే ఆ సమన్వయం నిలిచింది. ఒక సామాన్య కుటుంబంలోని ‘బుల్లెయ్య’నూ, పట్టాలోని ‘వేంకట సుబ్బయ్య’నూ ఒకరిగా తేల్చడానికి కావలసింది కూడా ఇదే క్రమశిక్షణ.

3. పేరు పలకరాని ఇల్లు

పిలుపుపేర్లు పుట్టడానికి తెలుగు ఇళ్ళలో అతి ముఖ్యమైన కారణం నామనిషేధం. మనుమడికి తాత పేరు, మనుమరాలికి నాయనమ్మ లేదా అమ్మమ్మ పేరు పెట్టడం విస్తృతమైన ఆచారం. కోడలు మామగారి పేరునూ, భార్య భర్త పేరునూ నోట పలకకపోవడం అంతే విస్తృతమైన మర్యాద. ఈ రెండు ఆచారాలూ ఒక ఇంట్లో కలిసినప్పుడు తల్లి తన కొడుకును పెట్టిన పేరుతో పిలవలేదు. అందుకే ‘అబ్బాయి’, ‘బాబు’, ‘నాన్న’, ‘తాతయ్య’, ‘బుల్లోడు’ వంటి మాటలు పేర్లుగా స్థిరపడతాయి. అలాగే ఆడపిల్ల ‘అమ్మాయి’, ‘పాప’, ‘అమ్మణ్ణి’, ‘బుల్లెమ్మ’ అవుతుంది. ‘తాతారావు’, ‘తాతబ్బాయి’, ‘అబ్బాయి’, ‘పాపారావు’ వంటివి పత్రాల్లోకి కూడా ఎక్కిన సందర్భాలు కోస్తా జిల్లాల్లో కొల్లలు.

దీని నుంచి పరిశోధకునికి ఉపయోగపడే సూచన ఒకటి దొరుకుతుంది. ఒక తరంలో ఒక వ్యక్తి ‘తాతయ్య’ అన్న పిలుపుతోనే పసితనం నుంచి ప్రసిద్ధుడైతే, అతని అసలు పేరు పితామహుడిదో మాతామహుడిదో అయి ఉండే అవకాశం ఎక్కువ. రెండు తరాల వెనుక ఉన్న పేరును వెదికితే కొన్నిసార్లు మధ్యలో తెగిన ముడి దొరుకుతుంది. ఇక్కడ ‘తాతయ్య’ అన్న పిలుపు వయస్సును తెలపదు. పేరు ఎవరిదో తెలుపుతుంది.

స్త్రీల విషయంలో పిలుపుపేరు ప్రాధాన్యం మరింత పెరుగుతుంది. వంశవృక్షాల్లో స్త్రీల పేర్లు తరచు లోపిస్తాయి. పత్రంలో ఆమె ఫలానావారి భార్యగానో, వితంతువుగానో ఉంటుంది. ఇంట్లో ‘పెద్దమ్మ’గానో, ‘ఫలానా వాళ్ళమ్మ’గానో మిగులుతుంది. అయితే అత్తింటికి వచ్చిన స్త్రీని పుట్టిన ఊరితో కలిపి పిలవడం తెలుగు కుటుంబాల్లో బాగా కనిపించే అలవాటు. ‘బందరు అత్తయ్య’, ‘ఏలూరు పిన్ని’ వంటి పిలుపుల్లో ఆమె పుట్టిల్లు దాగి ఉంటుంది. ఆమె పేరు పూర్తిగా మరుగునపడిన సందర్భంలో ఆమె వంశాన్ని చేరడానికి మిగిలే ఏకైక దారి ఈ ఊరిపేరే.

కానీ ఇక్కడే జాగ్రత్త అవసరం. అత్తింటి పిల్లలు ‘బందరు పిన్ని’ అంటే ఆమె బందరులో పుట్టినదని అర్థం కావచ్చు. పుట్టింటి మేనల్లుళ్ళు ‘బందరు అత్తయ్య’ అంటే ఆమె బందరుకు కాపురానికి వెళ్ళినదని అర్థం. ఒకే ఊరిపేరు, ఒకే స్త్రీ. పిలిచినవారు మారితే పుట్టిల్లు అత్తిల్లుగా, అత్తిల్లు పుట్టిల్లుగా మారిపోతాయి. కథనం చెప్పిన వృద్ధులు ఆ స్త్రీకి ఏ వైపు బంధువులో రాసుకోని పరిశోధకుడు ఆమెను సరిగ్గా వ్యతిరేక దిశలో వెదుకుతాడు. పిలుపుపేరు అర్థం నిఘంటువులో కాక సంబంధంలో ఉందనడానికి ఇంతకుమించిన నిదర్శనం అక్కరలేదు.

4. దిష్టిపేర్లు, మొక్కుపేర్లు

నేటి తరాన్ని అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేవి పెంటయ్య, కుప్పమ్మ, పిచ్చయ్య, పుల్లయ్య, తవిటయ్య వంటి పేర్లు. వీటిని వంశవృక్షం నుంచి తొలగించడమో, మార్చి రాయడమో చేసే కుటుంబాలూ ఉన్నాయి. ఈ పేర్ల వెనుక ఉన్నది తిరస్కారం కాదు, భయం. వరుసగా పిల్లలు పోతున్న ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే ఆ బిడ్డను చెత్తకుప్ప మీద ఉంచి తీసుకోవడం, గుప్పెడు తవుడుకు ఇతరులకు ఇచ్చినట్టు చేసి తిరిగి తెచ్చుకోవడం, బిచ్చంగా పొందినట్టు భావించడం ఆచారాలు. విలువలేని వస్తువు పేరు పెడితే మృత్యువు కన్ను ఆ బిడ్డపై పడదన్నది విశ్వాసం. ఉత్తరాంధ్రలో తవిటయ్య, తవిటమ్మ, తవుడు. ఇతర ప్రాంతాల్లో పెంటయ్య, పెంటమ్మ, కుప్పయ్య. తెలంగాణలో బిచ్చయ్య, భిక్షపతి, భిక్షమయ్య ఈ కోవకు చెందినవి.

‘పిచ్చయ్య’ విషయంలో నేటి భాష తప్పుదారి పట్టిస్తుంది. ఇక్కడి ‘పిచ్చ’ ఉన్మాదం కాదు. ‘భిక్ష’ శబ్దానికి వికృతి. తమిళంలోని ‘పిచ్చై’ కూడా ఇదే. విశేషమేమంటే, అనేక కులాల గోత్రాలనూ ఇంటిపేర్లనూ తరతరాలుగా కథాగానం చేసి నిలిపిన పిచ్చిగుంట్లవారి పేరులో ఉన్నదీ ఈ భిక్షార్థకమే. ఆ పేరు అవమానకరంగా వినిపించడంతో ఆ సముదాయం ‘వంశరాజ్’ అన్న పేరును ఎంచుకుంది. ఇతరుల వంశాలను గుర్తుపెట్టినవారే తమ పేరుకు కలిగిన అర్థవిపర్యయాన్ని మోయవలసి వచ్చింది.

దిష్టిపేరు ఒక ఆధారంగా చెప్పేది ఇది: ఆ బిడ్డకు ముందు ఆ ఇంట్లో పోయిన పిల్లలు ఉన్నారు. ఏ రిజిస్టరులోనూ చేరని శిశువుల ఉనికికి మిగిలిన సాక్ష్యం ఆ పేరే. ఇద్దరు అన్నదమ్ముల మధ్య వయస్సులో పెద్ద వ్యత్యాసం కనిపించి, రెండవవాడి పేరు పెంటయ్య అయితే ఆ వ్యవధికి కారణాన్ని ఊహించడం తేలిక. అయితే ఈ అనుమానం ఒక వంశంలో ఆ పేరు తొలిసారి వచ్చిన చోట మాత్రమే చెల్లుతుంది. బతికి బట్టకట్టిన పిచ్చయ్య తాత అయ్యాక అతని మనుమడికి అదే పేరు పెడతారు. ఆ మనుమడి పేరు తాత పట్ల గౌరవాన్ని తెలుపుతుంది, శిశుమరణాన్ని కాదు.

పైకి ఒకేలా కనిపించి వేరే మూలం గల పేర్లనూ వేరు చేయాలి. తవిటయ్యను చూసిన కళ్ళతో నూకరాజు, నూకాలు అన్న పేర్లను బియ్యపు నూకలకు ముడిపెట్టడం సరికాదు. అవి అనకాపల్లి నూకాలమ్మ భక్తికి సంబంధించినవి. మాలకొండయ్య అన్న పేరు కులాన్ని తెలపదు. మాలకొండ లక్ష్మీనరసింహస్వామికి మొక్కుకుని పెట్టిన పేరు. మస్తానయ్య, మస్తానమ్మ, హుస్సేనయ్య, దస్తగిరి అన్న పేర్లు హిందూ కుటుంబాల్లో కనిపిస్తే అది మతాంతరానికి సాక్ష్యం కానక్కరలేదు. దర్గాలకూ పీర్ల పండుగకూ మొక్కిన మొక్కు కావచ్చు. యానాదయ్య, యానాదమ్మ అన్న పేర్లు బిడ్డను ఆ జనులకు ఇచ్చినట్టు చేసి తీసుకున్న తంతుకు గుర్తుగానూ వస్తాయి. ‘పుల్లయ్య’ను ఎంగిలి విస్తరి అన్న అర్థం గల ‘పుల్లాకు’తో కలిపి చెప్పే వివరణ ఉంది, పశువుల రంగును చెప్పే ‘పుల్ల’ శబ్దమూ ఉంది. ‘పెంట’ అన్నది నల్లమలలో చెంచుల గూడేనికి పేరు కూడా. కాబట్టి వ్యుత్పత్తి ఒక్కదానిపైనే ఆధారపడి కులం, మతం, వృత్తి నిర్ణయించడం ప్రమాదకరం.

5. ఒకే పేరు, పలువురు వ్యక్తులు

కులదైవం పేరును అన్నదమ్ములందరికీ పెట్టే కుటుంబాలు తెలంగాణలో, ముఖ్యంగా ఉత్తర జిల్లాల్లో, తరచు కనిపిస్తాయి. పెద్ద రాజన్న, నడిపి రాజన్న, చిన్న రాజన్న అన్న తీరు అక్కడ సహజం. పత్రంలో ‘పెద్ద’, ‘నడిపి’, ‘చిన్న’ అన్న విశేషణాలు జారిపోతే ముగ్గురు ఒకరైపోతారు. పైగా ఈ విశేషణాలకు పరిధి ఉంటుంది. అన్నదమ్ముల మధ్య చిన్నవాడైన చిన్న రాజన్న, తన అన్నకొడుకు రాజన్న ఎదిగి వచ్చాక ఊరిలో పెద్ద రాజన్న కావచ్చు. అందువల్ల ‘పెద్ద’ అన్న మాటను చూడగానే జ్యేష్ఠుడని రాయకూడదు. ఎవరితో పోల్చి పెద్ద అన్నది తేలాలి.

దత్తత మరో మలుపు. దత్తు వెళ్ళినవాడి ఇంటిపేరు పత్రాల్లో మారుతుంది. ఊరి నోట మాత్రం పాత ఇంటిపేరో, ‘దత్తుడు’ అన్న మాటో కొన్నాళ్ళు నిలుస్తుంది. ఒకే ఇంటిపేరు గల కుటుంబాలు ఊరిలో ఎక్కువైనప్పుడు ‘మేడ వాళ్ళు’, ‘గట్టుమీది వాళ్ళు’, ‘చావడి వాళ్ళు’ వంటి ఉపనామాలు వస్తాయి. ఇవి రెండు మూడు తరాల తరవాత అసలు ఇంటిపేరును వెనక్కి నెట్టి దాని స్థానంలో నిలబడటమూ ఉంది. కరణం, మునసబు, పట్వారీ, పటేల్ వంటి ఉద్యోగనామాలూ ఇదే దారిలో వంశనామాలయ్యాయి.

6. పత్రంలోకి ఎక్కిన పేరు

పిలుపుపేరు పత్రంలోకి వచ్చినప్పుడు దానిని అక్కడ ఉంచినవారు ఎవరన్న ప్రశ్న ముఖ్యం. 1858లో ఏర్పడిన మద్రాసు ఇనాం కమిషన్ తయారు చేయించిన రిజిస్టర్లలో తొలి దానగ్రహీత పేరు, అనుభవదారు పేరు, వారి మధ్య బంధుత్వం కనిపిస్తాయి. భూమి గల కుటుంబాలకు ఇవి అమూల్యమైన ఆధారాలు. బ్రాహ్మణ కుటుంబాల్లో తద్దినాల పుస్తకం మరొక ఆధారం. శ్రాద్ధంలో తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నాయనమ్మ, ముత్తవ్వల పేర్లూ చెప్పవలసి ఉంటుంది. కాబట్టి వంశవృక్షం వదిలివేసిన స్త్రీ పేరు అక్కడ దొరుకుతుంది. అయితే అక్కడ ఉండేది పెట్టిన పేరు మాత్రమే. ఇంట్లో ఆమెను పిలిచిన పేరు కాదు. జనన నమోదులో నామకరణానికి ముందే వివరాలు చేరినచోట పేరు గడి ఖాళీగా ఉంటుంది. బడిలో చేర్చిన రోజున ఉపాధ్యాయుడు రాసిన పేరే కొందరికి జీవితాంతం అధికారిక నామమైంది.

భూమి లేనివారి పరిస్థితి వేరు. గ్రామాధికారి కలం వారి పేర్లను తన నోటి అలవాటు ప్రకారమే రాసింది. వెంకయ్య, పోలయ్య అని కాక వెంకడు, పోలిగాడు అని నమోదు కావడం సామాజిక స్థితికి గుర్తు. వ్యాకరణ దృష్టిలో ‘డు’ ప్రథమా విభక్తి ప్రత్యయం. శాసనంలోని గుండడు, బేతడు రాజులు. ఆ ప్రత్యయంలో తక్కువచూపు లేదు. పందొమ్మిదో శతాబ్దపు గ్రామ లెక్కల్లో ‘అయ్య’ ఒకరికీ ‘డు’, ‘గాడు’ మరొకరికీ పంచినప్పుడు మాత్రం అదే ప్రత్యయం హోదాను కొలిచింది. కాలం తెలియకుండా ప్రత్యయాన్ని చదవడం రెండు విధాలా తప్పే.

ఆ పత్రం నుంచి పూర్వికుడి పేరును ఎత్తి వంశవృక్షంలో రాసేటప్పుడు, అది అతని తల్లి పిలిచిన పేరు కాదనీ, ఊరి అధికారం పిలిచిన పేరనీ గుర్తించాలి. తరవాతి కాలంలో ఆ కుటుంబాలు ‘అయ్య’, ‘రావు’ చేర్చుకోవడం కొత్త వంశం కల్పించుకోవడం కాదు. తమకు దక్కని గౌరవాన్ని తీసుకోవడం. ఆది హిందూ ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ (1888-1939) ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆయన మాదరి భాగయ్యగా జన్మించారు. కుటుంబ గురువు వల్ల ‘రెడ్డి’, ఆర్యసమాజం వల్ల ‘వర్మ’ ఆయన పేరులో చేరాయి. పేరులోని మాటలను బట్టి మాత్రమే కులాన్ని నిర్ణయించే పరిశోధకుడు ఆయన జీవితం మొత్తాన్నీ తలకిందులుగా చదువుతాడు.

పిలుపుపేరూ పెట్టిన పేరూ ఒకే చోట కలిసే పత్రాలూ ఉన్నాయి. అమ్మకపు దస్తావేజుల్లో, కోర్టు దావాల్లో ‘అనబడే’, ‘అలియాస్’ అన్న మాటలు, తెలంగాణ పత్రాల్లో ‘ఉరఫ్’ అన్న మాట వెదకదగ్గవి. ఆస్తి వివాదంలో వ్యక్తిని రూఢిగా గుర్తించడానికి రాసిన ఆ ఒక్క మాట వంశచరిత్రలో ఏళ్ళ అన్వేషణను తీర్చగలదు.

7. సముద్రం దాటిన పేర్లు

పిలుపుపేరు విలువ పూర్తిగా తేటతెల్లమయ్యేది వలస చరిత్రలో. 1834 నుంచి మారిషస్‌కూ, 1860 నుంచి నేటాల్‌కూ ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న నేటాల్ చేరింది. 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు అక్కడికి వెళ్ళారు. నేటాల్ ఓడ జాబితాల్లో సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం, ఒంటిమీది గుర్తులు ఉన్నాయి. ఇంటిపేరుకు మాత్రం గడి లేదు. తెలుగువారికి వంశాన్ని తెలిపే ప్రధానమైన మాట రేవు దగ్గరే ఆగిపోయింది. ఓడ ఎక్కింది పిలుపుపేరు మాత్రమే.

ఆ పిలుపే తరవాతి తరాలకు వంశనామమైంది. మారిషస్‌లో ‘అప్పడూ’ వంటి కుటుంబనామాలు ఇందుకు ఉదాహరణ. ‘అప్పడు’ అన్న రూపంలో సింహాచలం అప్పన్న పేరూ, తెలుగు ‘డు’ ప్రత్యయమూ కలిసి ఉన్నాయని భావించడానికి వీలుంది. ఫ్రెంచి, ఆంగ్ల గుమాస్తాల చేతిలో లిపి మారినా ఆ పదాంతం ఆ వ్యక్తి తెలుగువాడన్న సూచనను నిలుపుకుంది. దక్షిణాఫ్రికాలో ‘నాయుడు’ అన్న గౌరవవాచకం అనేక తెలుగు కుటుంబాలకు వంశనామంగా స్థిరపడింది. ఒక సమూహం మొత్తానికీ పిలుపుపేరు వచ్చిన సందర్భమూ ఉంది. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవు పేరిట మారిషస్‌లో, బర్మాలో తెలుగువారిని ‘కొరంగీలు’ అన్నారు. ఆ మాటను బట్టి అందరూ కోరంగి గ్రామస్థులని అనుకోకూడదు. అది వారు ఓడ ఎక్కిన తీరానికి గుర్తు.

తిరిగి వచ్చినవారికీ పేర్లు వచ్చాయి. రంగూన్‌ను ఉత్తరాంధ్రలో ‘రంగం’ అన్నారు. ఒక ఇంట్లో ‘రంగం తాత’ ఉంటే ఆ కుటుంబ చరిత్రలో కొంతభాగం బర్మాలో జరిగిందన్నమాట. ‘రంగం’ అంటే రంగస్థలమని భావించి ఆయనను నాటక కళాకారుడిగా రాసినవారికి ఆ భాగం ఎప్పటికీ దొరకదు.

మారిషస్‌కు వెళ్ళిన వలసదారుల రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. అక్కడి నుంచి పూర్వికుల ఊరు వెదుక్కుంటూ వచ్చేవారి చేతిలో ఉండేది ఒక సంఖ్య, ఒక పిలుపుపేరు, ఒక ఊరిపేరు. ఆ ఊరిలో ఆ పేరుతో ఎవరూ గుర్తుండకపోవడానికి కారణం సాధారణంగా పేరు అబద్ధం కావడం కాదు. ఊరు అతన్ని వేరే పిలుపుతో గుర్తుంచుకుంది.

8. అనుసరించదగిన పద్ధతి

పై పరిశీలన ఆధారంగా కొన్ని నియమాలను సూచించవచ్చు.

మొదటిది, మౌఖిక కథనం నుంచి పేరు సేకరించేటప్పుడు చెప్పినవారికీ ఆ పూర్వికుడికీ ఉన్న బంధుత్వాన్ని పేరు పక్కనే రాయాలి. ‘అత్తయ్య’, ‘తాత’ వంటి మాటలు బంధుత్వమా, పేరులో భాగమా అన్నది తేల్చాలి.

రెండవది, పేరును భాగాలుగా విడదీయాలి. వరుసను తెలిపే మాట, ఊరిపేరు, రూపవిశేషణం, దేవతానామం, గౌరవ లేదా న్యూనతా ప్రత్యయం వేరువేరు సమాచారాలు. ఒక్కొక్కదానికి వేరే ఆధారం వెదకాలి.

మూడవది, పేరుకన్నా భూమిని నమ్మాలి. మనిషి పేరు మారినంతగా భూమి సర్వే నెంబరు మారదు. మారినా పాత, కొత్త నెంబర్ల పొంతన దొరుకుతుంది. ఆంధ్ర ప్రాంతంలో అడంగల్, రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, తెలంగాణలో సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ ఇందుకు ఉపకరిస్తాయి. ఒకే నెంబరు భూమి ఒక పేరు నుంచి మరొక పేరుకు అమ్మకం, పంపకం, వారసత్వం ఏదీ లేకుండా మారితే ఆ రెండు పేర్లూ ఒకరివేనా అని పరిశీలించాలి.

నాలుగవది, వ్యుత్పత్తి విచారణ చివరన రావాలి. వ్యక్తి ఎవరో తేలాక పేరు అర్థం చెప్పడం శాస్త్రం. అర్థాన్ని బట్టి వ్యక్తిని ఊహించడం కథనం.

ఐదవది, కుటుంబానికి నొప్పి కలిగించే పేరునైనా సరే పత్రంలో ఉన్న రూపంలోనే భద్రపరచాలి. దాని పక్కన అది ఎలా వచ్చిందో వివరించాలి. చెరిపివేత గౌరవం కాదు.

9. ముగింపు

పెట్టిన పేరు ఒక కుటుంబం తన బిడ్డపై ఉంచిన ఆశ. పిలుపుపేరు ఆ బిడ్డ బతికిన తీరు. పెంటయ్య అన్న పేరులో అంతకుముందు పోయిన తోబుట్టువులు ఉన్నారు. బందరు అత్తయ్య అన్న పిలుపులో పత్రం రాయని ఒక స్త్రీ ప్రయాణం ఉంది. పోలిగాడు అన్న నమోదులో కలం పట్టినవాడి స్థానం ఉంది. అప్పడు అన్న పేరులో తీరం దాటేటప్పుడు జారిపోయిన ఇంటిపేరు ఉంది.

రాజవంశాల చరిత్ర పిలుపుపేర్లను తోసిపుచ్చలేదు. వాటి సాయంతోనే వంశక్రమాన్ని నిలబెట్టుకుంది. సామాన్యుల వంశచరిత్రకు ఆ అవసరం ఇంకా ఎక్కువ. ఎందుకంటే స్త్రీలకు, భూమిలేని కులాలకు, వలసపోయిన కూలీలకు శాసనాలు లేవు, ఇనాములు లేవు, బిరుదులు లేవు. వారికి మిగిలింది చాలాసార్లు ఒక పిలుపు మాత్రమే. ఆ పిలుపు ఎవరి నోటిదో చెప్పగల వృద్ధులు జీవించి ఉన్నప్పుడే, వారి బంధుత్వంతో సహా దానిని నమోదు చేయడం తెలుగు నామవిజ్ఞాన పరిశోధన ముందున్న తక్షణ కర్తవ్యం.